ఆటోనగరమున రెండు దినములు

యాత్ర యనగానే మన స్త్రీలకు కాశీయో, తిరుపతియో, శ్రీశైలమో జ్ఞప్తికి వచ్చును. గత మార్గశిరమున నేను చేసిన యాత్ర అట్టిది కాదు. పోయినది విజయవాడలోని ఆటోనగరమునకు. కొనబోయినది ఒక పాత డీజిలు కారు. ఇట్టి బేరములు పురుషుల పనియని మన యిండ్లలో తలంతురు. కాని యింటి సొమ్ము వృథా యైనను, నడిదారిలో బండి నిలిచినను ఆ కష్టము మనకును తప్పదు గదా! కావున నేనచ్చట చూచినదియు, నేర్చినదియు సోదరీమణులకు చెప్పదలచితిని.

మా యూరు పామఱ్ఱు చెంత నున్నది. మా మామగారికి మూత్రపిండములు చెడుటచే వారమునకు మూడుమారులు విజయవాడకు పోయి రక్తశుద్ధి చేయించుకొనవలసి వచ్చినది. పోవుటకు సుమారు 40 కిలోమీటరులు, వచ్చుటకు 40. పోవునప్పుడు బస్సు చాలును. చికిత్స ముగిసిన పిమ్మట నీరసముతో తూలుచున్న వృద్ధుని బస్సెక్కించి తెచ్చుట యెట్లు? బాడుగ కార్లకు నెలనెలా పోవు సొమ్ము చూచి, చీటీ పాడి 3,00,000 రూపాయలు సమకూర్చుకొని, సొంతబండి కొన నిశ్చయించితిమి.

ఏడాదికి 12,000 కిలోమీటరులకు పైగా తిరుగవలసిన బండి యది. ఒకే తరగతి కారులలో డీజిలుది లీటరుకు 20 కిలోమీటరులు, పెట్రోలుది 15 నడచు ననుకొన్నచో, ఒకదానికి 600 లీటరులు, రెండవదానికి 800 లీటరులు కావలెను. డీజిలు ధరయు కొంత తక్కువ. ఐనను 2014 అక్టోబరులో ప్రభుత్వము డీజిలు ధరపై నియంత్రణము తొలగించిన పిదప మునుపటియంత భేదము లేదు. మఱియు డీజిలు బండి మరమ్మతు ఖరీదైనది. ఒక్క టర్బో చెడినచో ఏడాది పొదుపంతయు హరించును. కావున బడికిని బజారుకును మాత్రమే తిరుగువారికిది తగదు. ఇంజను వేడెక్కకమునుపే ఆపుచుండినచో లోపల మసి పేరుకొనును. 2020 ఏప్రిలు మొదలుగా వచ్చిన బి.యస్. 6 బండ్లలో ఆ మసిని పట్టు జల్లెడ గలదు. అది శుభ్రపడుటకు దూరప్రయాణము అవసరము. మాది దూరప్రయాణమే గనుక డీజిలునే కోరితిమి.

మొదట విజయవాడలో పాతకార్ల వర్తకుడొకడు ఢిల్లీనుండి వచ్చిన బండి నొకదానిని చూపెను. మీటరుపై 82,000 మాత్రమే యుండెను, ధరయు చౌక. ఢిల్లీ బండ్లు చౌకయగుటకు కారణము కలదు. పదేండ్లు దాటిన డీజిలు బండ్లు ఢిల్లీ ప్రాంతమున తిరుగరాదని 2015 లో హరిత న్యాయస్థానము శాసించెను; 2018 అక్టోబరులో సుప్రీము కోర్టు దానిని స్థిరపఱచెను. యజమానులపై బలవంతపు చర్యలు వలదని 2025 ఆగస్టులో ఆ కోర్టే ఆదేశించినను, ఆ నడుమ ఏండ్లలో ఎన్నియో బండ్లు ఇతర రాష్ట్రములకు తరలిపోయెను. మేము తొందరపడి 10,000 రూపాయలు బయానా ఇచ్చితిమి. లారీ తోలు మా మఱది ఆ మాట విని, "వదినా, ఆటోనగరులో మా మేస్త్రికి చూపించకుండా మిగతా డబ్బు ఇవ్వొద్దు" అనెను. అట్లు మొదటి ప్రయాణము సాగినది.

తెల్లవాఱుజామున బస్సెక్కితిమి. బందరు కాలువ వెంట మంచు దట్టముగా నుండెను. ఉయ్యూరు కడ చెఱకు బండ్లు బారులు తీరియుండెను. బెల్లపు పాకమువంటి వాసన బస్సులోనికి వచ్చినది. కంకిపాడు, పెనమలూరు దాటి కానూరు చేరునప్పటికి ప్రొద్దెక్కినది. ఆటోనగరు గేటుకడ దిగితిమి.

ఈ ఆటోనగరము 1960 దశకమున ఏర్పడినది. లోపలికి పోయినకొలది అదియొక ప్రత్యేక లోకముగా తోచును. ఒక వీధిలో వడ్రంగులు లారీలకు కొయ్యశరీరములు కట్టుచున్నారు. ఒకచోట కమానుకట్టలు కాల్చి వంచుచున్నారు. ఒకచోట రేడియేటరులకు మాట్లు వేయుచున్నారు. లేతు యంత్రములు ఇనుపరజను రాల్చుచున్నవి. చిత్రకారుడొకడు లారీ నుదుట తామరపువ్వు దిద్దుచున్నాడు. పాతసామానుల అంగళ్లలో చక్రములు, గేరుపెట్టెలు కొండలుగా పడియున్నవి. స్త్రీలు అరుదు. నాకు కొంత బెదురు కలిగినమాట నిజము. కాని మేస్త్రి, డెబ్బదియేండ్ల వృద్ధుడు, ఒక స్టూలు తుడిచివేసి, "కూర్చో అమ్మా! బండి ఎక్కేది నువ్వు కదా, నువ్వే దగ్గరుండి చూడాలి" అనుటతో బెదురు తీరెను.

తొమ్మిది గంటలకు వర్తకుని మనిషి బండి తెచ్చెను. మేస్త్రి ముందుగా ఇంజను మూతపై అరచేయి ఆనించి నవ్వెను. "వేడిచేసి తెచ్చారు. నిద్ర లేచేటప్పుడే బండి సంగతి తెలిసేది" అనెను. దాని మర్మము నాకు పిదప బోధపడినది. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనమును మండించును. రుడాల్ఫు డీజిలు అను జర్మను ఇంజనీరు 1893 లో పేటెంటు పొందిన పద్ధతిలో నిప్పురవ్వ లేదు. గాలిని 500 డిగ్రీలు దాటు వేడి పుట్టునంతగా నొక్కి, అందులోనికి నూనెను చిమ్మగా అదియే మండును. ఇంజను అరిగినచో ఆ నొక్కుడు తగ్గును. చల్లని వేళ అది సులభముగా అంటుకొనదు. వేడిచేసి తెచ్చినచో ఆ లోపము మఱుగుపడును.

మేస్త్రి తలుపు తెఱచి పెడళ్లను చూపెను. వాని రబ్బరుపై గాళ్లు పూర్తిగా అరిగి నున్నబడియుండెను. చేతిచక్రము అద్దమువలె మెఱయుచుండెను. "ఎనభై వేలకు ఇంత అరగదమ్మా" అని, ఇంజను మూత క్రిందనున్న చిన్న కాగితపు చీటీ నొకదానిని గుడ్డతో తుడిచెను. ఎవరో గోటితో గీకివేయజూచినను అంకెలు మిగిలియుండెను: ఆయిలు మార్చినది 1,56,000 వద్ద. వర్తకుని మనిషి, "మాకు వచ్చేటప్పటికే అలా ఉంది" అని ముఖము త్రిప్పుకొనెను. బేరము వదలుకొంటిమి. బయానాలో 5,000 మాత్రము తిరిగివచ్చినది.

ఆ దినమున తిరుగు బస్సులో నాకు దుఃఖము వచ్చినది. మా మఱది ఓదార్చుచు మేస్త్రి మాట చెప్పెను: లక్షన్నర తిరిగిన బండి చెడ్డది కాదు, లక్షన్నర తిరిగి ఎనుబదివేలని చెప్పునది చెడ్డది. దూరపు బాటలపై నిలకడగా నడచి, వేళకు ఆయిలు మారిన ఇంజను రెండు లక్షలకును గట్టిగా నుండవచ్చును. చేయవలసినవి చేసినారా లేదా యనుటయే ప్రశ్న.

నెల తిరుగకమునుపే ఉయ్యూరు దాపున ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుని కారు అమ్మకమునకు వచ్చినది. 2014 లో కొన్న బండి, మీటరు 1,74,000. ఆయన చూపు మందగించి తోలుట మానినారు. మేస్త్రి చెప్పిన ప్రకారము ఉదయము ఆఱు గంటలకే వారింటికి పోయి, నేనే ఇంజను మూతపై చేయి పెట్టి చూచితిని. మంచుతో చల్లగానుండెను. తాళము త్రిప్పగనే ఇంజను అందుకొన్నది. కొంచెము తెల్లని పొగ వచ్చి నిమిషములో ఆగినది. నల్లని పొగ విడువకున్నచో గాలియో నూనెయో సరిగా అందుట లేదనియు, నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలే మండుచున్నదనియు, వేడెక్కినను తెల్లపొగ తగ్గనిచో లోపలికి నీరు దిగుచుండవచ్చుననియు నేర్చుకొని పోయితిని.

అంతలో ఆ యింటి యిల్లాలు ఒక లావుపాటి పుస్తకము తెచ్చి నా చేత పెట్టినది. "అమ్మాయీ, ఈ బండికి ఏ జబ్బు వచ్చిందో, ఏ మందు వేశామో అంతా ఇందులో ఉంది. దాచింది ఏమీ లేదు" అన్నది. పది సంవత్సరములకు పైబడిన లెక్క! ఏ తేదీన ఎన్ని లీటరులు పోసినది, ఏ మీటరు వద్ద ఆయిలు మారినది, ఏ బెల్టు తెగినది, సమస్తమును గుండ్రని చేవ్రాతతో పాలపద్దువలె వ్రాసియున్నది. ఒకచోట మామిడిచెట్టుకు తగిలి తలుపు నొక్కినదని కూడ నుండెను. ఆ పుస్తకమును చూచినపిదప మీటరును చూడవలసిన పని లేకపోయినది.

ఐనను మేస్త్రికి చూపక కొనలేదు. రెండవమారు ఆటోనగరమునకు ఆ బండిలోనే పోయితిమి. మేస్త్రి ఇంజను నడచుచుండగా ఆయిలు పోయు మూత తీసి, ఆవిరి ఎగదన్నుట లేదని తృప్తిపడెను. పిదప నాలుగు ఇంజెక్టరులకును సన్నని గొట్టములు తగిలించి నాలుగు చిన్న సీసాలు వ్రేలాడగట్టెను. ప్రతి ఇంజెక్టరునుండి వెనుకకు మరలు నూనె ఆ సీసాలలో చేరును. మూడింటిలో మట్టము సమముగా నుండెను, నాలుగవదానిలో రెట్టింపైనది. ఆ యొకటి బాగుచేయవలెను. క్లచ్చి, ఇంజను క్రింది రబ్బరులు, బెల్టు మార్చవలెను. అంతయు 38,000 కాగలదని చెప్పెను. ఆ మాట దాచక చెప్పి బేరమాడగా 2,50,000 కు ఒప్పుకొనిరి. సోదరీమణులు గమనింపవలసినది: చేతిలోని సొమ్మంతయు బండి ధరకే పెట్టరాదు. ఆఱవ వంతైనను మరమ్మతునకై వేఱుగా నుంచుకొనవలెను.

కాగితముల విషయమును ఉపేక్షింపరాదు. యాజమాన్యపు మార్పునకు 29, 30 నెంబరుల ఫారములు కావలెను. పొరుగు రాష్ట్రపు బండియైనచో అచ్చటి కార్యాలయము ఆక్షేపణ లేదని ఇచ్చు పత్రమును ఉండవలెను. 12 నెలలు దాటి ఇచ్చట నుంచినచో ఇచ్చటి నెంబరు పొందవలెను. సొంత కారు రిజిస్ట్రేషను మొదట 15 సంవత్సరములు. పిమ్మట పరీక్ష చేయించి ఐదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను.

పోషణలో మేస్త్రి నాకప్పగించిన పనులు కొన్ని కలవు. వారమున కొకమారు, ఇంజను చల్లగానున్నప్పుడు ఆయిలు పుల్ల తీసి మట్టము చూతును. డీజిలు బండిలో ఆయిలు త్వరలోనే నల్లబడును. అది దోషము కాదు, మట్టము తగ్గుటయే దోషము. నూనెలోని నీరు ఫిల్టరు అడుగున చేరును, దానిని తీసివేయింతుము. ఇంజెక్టరులు 1,000 వాతావరణములకు మించిన ఒత్తిడితో పనిచేయును గనుక రవంత నీరైనను వానికి శత్రువు. రేడియేటరులో మా బోరునీరు పోయనీయను. అందలి ఉప్పు లోపల గారకట్టును. దూరము వచ్చినపిదప నిమిషమైనను ఊరక నడిపించి ఇంజను ఆపుదుము. నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగు టర్బోకు ఆయిలు ఒక్కసారిగా ఆగరాదు. ఆయిలు ఎఱ్ఱదీపము వెలిగినచో ఎక్కడనైనను వెంటనే ఆపవలెను. పొగపరీక్షను వాయిదా వేయము. డీజిలు పొగ క్యాన్సరు కారకమని 2012 లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనాసంస్థ ప్రకటించినది. మన బండి పొగ పీల్చునది మన వెనుక వచ్చువారి బిడ్డలే గదా.

ఇప్పుడు మీటరు 1,83,000 దాటినది. వారమునకు మూడుదినములు చీకటితోనే బయలుదేరుదుము. వచ్చునప్పుడు మామగారు వెనుక సీటున దిండుపై తల వాల్చి, కంకిపాడు దాటకమునుపే నిద్రపోవుదురు. ఆ పుస్తకమున పాత యిల్లాలి చేవ్రాత ఆగినచోటనే నేను వ్రాయుచున్నాను. ఆమె అప్పుడప్పుడు టెలిఫోనులో, అత్తవారింటికి పంపిన పిల్లను గూర్చి అడిగినట్లు, "బండి ఎలా ఉంది?" అని అడుగును. పుస్తకము తెఱచి చివరి పద్దు చదివి వినిపింతును.