బాంకాక్‌లో 'ఇవాళ సెలవు' అనే పెద్దమనిషి

పెళ్ళిరోజుకో, పిల్లల పరీక్షలు అయ్యాకో నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళొద్దామంటే ఒకప్పుడు మనకు ఊటీ, కొడైకెనాల్ గుర్తొచ్చేవి. ఇప్పుడు హైదరాబాదులో విమానం ఎక్కి ఓ కునుకు తీసి లేచేసరికి బాంకాక్! మీ వీధిలోనే ఇద్దరు ముగ్గురు వెళ్ళివచ్చి ఉంటారు. వాళ్ళు తెచ్చిన చింతపండు బిళ్ళలు, ఏనుగు బొమ్మల పర్సులు మీకూ అంది ఉంటాయి. గుళ్ళూ, నదీ, బజారూ అన్నీ కథలు కథలుగా చెప్పే ఉంటారు. అక్కడ తారసపడిన పెద్దమనిషి సంగతి మాత్రం చాలామంది చెప్పరు. చెబితే నవ్వుతారని మొహమాటం.

అందుకని ఆ కథ నేను చెబుతాను. టిక్కెట్లు కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళు కాస్త మనసుపెట్టి చదవండి.

బాంకాక్ వెళ్ళినవాళ్ళు ముందుగా చూడాలనుకునేది గ్రాండ్ ప్యాలెస్. 1782లో మొదటి రాముడు (అక్కడి రాజులను అలాగే పిలుస్తారు లెండి, ఇప్పుడున్నది పదో రాముడు) బాంకాక్‌ని రాజధాని చేసుకుని ఛావ్ ఫ్రయా నది ఒడ్డున కట్టించిన కోట అది. ప్రసిద్ధమైన మరకత బుద్ధుడి గుడి కూడా ఆ ప్రాకారంలోనే ఉంది. చుట్టూ తెల్లటి గోడ, నాలుగు వైపులా కలిపితే దాదాపు రెండు కిలోమీటర్లు. గోడకు ద్వారాలు చాలానే ఉన్నాయిగానీ, మనలాంటి యాత్రికులను లోపలికి పంపేది నా ఫ్రలాన్ వీధి వైపున్న ద్వారం గుండా. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కథంతా దీనిమీదే నడుస్తుంది.

మీరు టాక్సీ దిగుతారు. ఎండ మండిపోతూ ఉంటుంది. ఎదురుగా గోడ, మూసి ఉన్న తలుపు. ఎటు వెళ్ళాలో తెలియక మీవారు ఫోనులో మ్యాపు వెతుకుతూ ఉంటారు. పిల్లాడు దాహమంటాడు. సరిగ్గా అప్పుడొస్తాడు ఆయన. ఇస్త్రీ చొక్కా, మెడలో ఏదో కార్డు, మొహం నిండా నవ్వు. "ఇండియానా? నమస్తే!" అని చేతులు జోడిస్తాడు. కొందరు టీచర్లమంటారు, కొందరు ప్యాలెస్‌లోనే ఉద్యోగమంటారు.

"అయ్యో, ప్యాలెస్‌కా? ఇవాళ పొద్దున్న మూసేశారే! బౌద్ధుల పూజ జరుగుతోంది. ఒంటిగంటకు గానీ తెరవరు. అంతసేపు పిల్లాడితో ఈ ఎండలో ఏం నిలబడతారు? దగ్గర్లో రెండు మంచి గుళ్ళున్నాయి, చూసి వచ్చెయ్యండి."

మూసిన తలుపు మీ కళ్ళముందే ఉంది కదా! నమ్మకేం చేస్తారు? ఇంకా తొమ్మిది కాలేదనో, మీ వేషం లోపలికి పనికిరాదనో కూడా అంటారు, మనిషిని బట్టి. ఈలోగా ఆయనే చెయ్యెత్తి ఒక టుక్‌టుక్‌ను ఆపుతాడు. టుక్‌టుక్ అంటే మన ఆటోకి అన్నగారు. "వీళ్ళకి అన్నీ తిప్పి చూపించు, నలభై బాత్ చాలు" అంటాడు. ఒక బాత్ మన రూపాయల్లో రెండున్నర పైమాటే. పూట పూటంతా తిప్పడానికి నూరు రూపాయల చిల్లర! మన ఊళ్ళో ఆటో కూడా అంత చవగ్గా రాదని మీకు సంబరం. అసలు ఆ సంబరం దగ్గరే ఆగి ఆలోచించాలి. పెట్రోలు ఖర్చు కూడా రాని బేరానికి అతను ఎందుకు ఒప్పుకున్నట్టు?

మొదట నిజంగానే ఓ గుడికి తీసుకెళతాడు. పెద్దగా జనం ఉండరు. చక్కగా దణ్ణం పెట్టుకుంటారు. అక్కడ మరో మర్యాదస్తుడు కలుస్తాడు. ఈయన మిమ్మల్ని ఎక్కడికీ రమ్మనడు, ఏమీ అమ్మడు. నేనూ దర్శనానికే వచ్చానంటాడు. మాటల్లో, ఇవాళ ప్రభుత్వం వారి రత్నాల అమ్మకానికి ఆఖరి రోజని, పన్ను లేదని, తను కూడా కొన్నానని, పోయినసారి కొన్నవి తన దేశంలో రెట్టింపు ధరకు అమ్ముకున్నానని చెబుతాడు. వీధిలో కలిసిన మనిషినైతే అనుమానిస్తాం. గుళ్ళో కలిసిన మనిషిని అనుమానించడానికి మనకు మనసొప్పదు. పైగా ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే మాట చెబితే అది నిజమే కాబోలు అనిపిస్తుంది. ఇద్దరూ ఒక తాను ముక్కలేనని ఎలా తెలుస్తుంది చెప్పండి?

బయటికి వచ్చేసరికి టుక్‌టుక్ అబ్బాయి మిమ్మల్ని నేరుగా ఆ దుకాణం ముందే దింపుతాడు. చల్లటి ఏసీ గది, కూర్చోగానే కూల్‌డ్రింకులు, సూటు వేసుకున్న మేనేజరు, గోడకు సర్టిఫికెట్లు. నీలాలు, కెంపులు తెల్లగుడ్డ మీద పోసి చూపిస్తారు. "మీ ఊళ్ళో నగల షాపువాళ్ళకు అమ్మండి, మీ యాత్ర ఖర్చంతా తిరిగి వస్తుంది" అంటారు. కార్డు గీయించుకుంటారు. రాళ్ళు చేతికివ్వకుండా, పోస్టులో ఇంటికి పంపుతామనే దుకాణాలూ ఉన్నాయి. అలాగైతే మీరు బాంకాక్‌లో ఉండగా ఇంకెవరికీ చూపించి వెల కట్టించుకోలేరు కదా!

ఇక్కడ మనవాళ్ళు చాలామంది పొరబడే సంగతొకటి ఉంది. ఆ రాయి చాలాసార్లు గాజు కాదు. నిజమైన నీలమే. కాకపోతే తక్కువ రకం, అసలు వెలకు ఎన్నో రెట్లు వేసి అమ్మింది. థాయ్‌లాండ్ రత్నాలకు పేరున్న దేశమే, చంతబురి అనే ఊళ్ళో పెద్ద రత్నాల బజారే ఉంది. మసక రాయిని కొలిమిలో కాల్చి రంగు తెప్పించే పనిలో అక్కడివాళ్ళు ఆరితేరినవాళ్ళు. అందుకే మీరు హైదరాబాదు వచ్చి పరీక్ష చేయిస్తే 'అసలుదే' అని రిపోర్టు వస్తుంది, కొనేవాడు మాత్రం దొరకడు. పోలీసుల దగ్గరికెళ్ళినా చిక్కే. నకిలీ అమ్మితే మోసం కేసు. ధర ఎక్కువ చెప్పి అమ్మితే, ఒప్పుకునే కొన్నారు కదా అంటారు. ఇంకో మాట: అక్కడి ప్రభుత్వానికి సొంతంగా రత్నాల దుకాణమేదీ లేదు. 'గవర్నమెంటు షాపు', 'ఎగుమతి కేంద్రం' అనే మాట వినబడిందంటే గ్లాసు కింద పెట్టి లేచి వచ్చెయ్యండి.

అసలు నీలం విషయంలో మన ఇళ్ళల్లో ఎంత పట్టింపు! నీలం అందరికీ పడదని, గుడ్డలో చుట్టి నాలుగు రోజులు దగ్గరుంచుకుని చూశాకగానీ ఉంగరానికి ఇవ్వరు. అలాంటి మనం పరాయి ఊళ్ళో పావుగంటలో గుప్పెడు నీలాలు కొనేస్తామంటే మన అమ్మమ్మలు ఊరుకుంటారా?

మరైతే ఏం చెయ్యాలి? చాలా తేలిక. ఎవరేం చెప్పినా నవ్వి, దణ్ణం పెట్టి, గోడ వెంబడి నడుచుకుంటూ యాత్రికుల ద్వారం దాకా వెళ్ళండి. మూశారో లేదో అక్కడి బోర్డే చెబుతుంది. ప్యాలెస్ మామూలుగా రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు తెరుస్తారు, మధ్యాహ్నం మూడున్నర దాకా టిక్కెట్టు ఇస్తారు. విదేశీయులకు 500 బాత్. బౌద్ధుల పండగలకు మూసేయరు. రాజకుటుంబం కార్యక్రమాలప్పుడు కొన్ని భాగాలో, ఒక్కోసారి మొత్తమో మూస్తారనుకోండి. ఆ మాట మీ హోటలువాళ్ళు ముందురోజే కనుక్కుని చెప్పగలరు. భుజాలు, మోకాళ్ళు కప్పేలా బట్టలుండాలి. చుడీదారు హాయి. షార్ట్స్ వేసుకొస్తానని మీవారు మారాం చేస్తే మాత్రం గట్టిగా చెప్పండి. బయట నిలబడి 'మీ వేషం పనికిరాదు' అనేవాడికి ఆ మాట చాలు.

అక్కడే ఉన్న వాట్ ఫో గుడి బయటా ఇదే నాటకం. నలభై ఆరు మీటర్ల పొడవున బంగారు బుద్ధుడు పడుకుని ఉంటాడు లోపల, ఎవరో సెలవని చెప్పారని వదులుకుంటారా!

మిగతావి ఇంత పెద్ద నాటకాలు కావు. విమానాశ్రయంలో హాల్లో నిలబడి 'టాక్సీ, టాక్సీ' అని పిలిచేవాళ్ళతో వెళ్ళకుండా, బయట టాక్సీ స్టాండులో యంత్రం ఇచ్చే చీటీ తీసుకోండి. డ్రైవరు వివరాలు అందులో ఉంటాయి, దిగేదాకా దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. మీటరు ముప్ఫై అయిదు బాత్‌తో మొదలవుతుంది. టోలు, విమానాశ్రయం రుసుము అదనం. మీటరు వెయ్యనంటే దిగిపోయి ఇంకోటి చూసుకోవడమే. దుకాణంలో కార్డు ఇచ్చినప్పుడు 'రూపాయల్లోనా, బాత్‌లోనా' అని మిషను అడుగుతుంది. మనకు లెక్క తెలుస్తుందని రూపాయలు నొక్కుతాం. అలా నొక్కితే మారకం రేటు వాళ్ళిష్టం, మనకే నష్టం. బాత్‌లోనే కట్టండి.

పట్టాయాలో నీళ్ళ మీద నడిపే జెట్‌స్కీ ఉంటుంది. తిప్పి తెచ్చాక, ఎప్పటిదో పాత గీత చూపించి వేలకు వేలు కట్టమని నలుగురు చుట్టుముడతారు. పిల్లలు ముచ్చట పడితే ఎక్కేముందే బండి చుట్టూ, అడుగునా ఫోనులో వీడియో తీయండి. పాస్‌పోర్టు మాత్రం తాకట్టు పెట్టకండి. అక్కడి బీచ్‌రోడ్డులో రాత్రిపూట మన దేశస్థుల మెడల్లోంచి గొలుసులు తెంపుకుపోయిన వార్తలు తరచూ వస్తున్నాయి. నవ్వుతూ మీదపడి కౌగలించుకుంటారట, చూసుకునేసరికి మెడ బోసి. సూత్రాలు తియ్యలేమంటారా, సన్న నల్లపూసలకు మార్చుకుని వెళ్ళండి. మీవారి గొలుసు ఇంట్లో బీరువాలోనే ఉండనివ్వండి.

మోసం ఒక్కోసారి ఇంట్లో ఉండగానే మొదలవుతుంది. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ వెళ్ళే విదేశీయులు విమానం దిగకముందే ఆన్‌లైన్‌లో ఒక ఆగమన పత్రం నింపాలి. అది పూర్తిగా ఉచితం. అచ్చం అలాగే ఉండే సైట్లు పెట్టి డబ్బు గుంజేవాళ్ళు బయలుదేరారు. చిరునామా చివర 'జీఓ డాట్ టీహెచ్' అని ఉంటేనే అది ప్రభుత్వానిది. రూపాయి అడిగినా మూసెయ్యండి.

అన్నీ తెలిసినా రాళ్ళు కొనేశారనుకోండి. దాచుకోకండి. 1155కి ఫోను చేస్తే టూరిస్టు పోలీసులు ఇంగ్లీషులో మాట్లాడతారు. ఆ ఊళ్ళో ఉండగానే, బిల్లుతో, దుకాణం ఫొటోతో వాళ్ళను వెంటబెట్టుకుని వెళితే ఎంతో కొంత వెనక్కి రాబట్టే అవకాశం ఉంటుంది. విమానం ఎక్కేశాక కష్టం. కార్డు ఇచ్చిన బ్యాంకుకీ అదే రోజు చెప్పండి.

సరే, పెద్దమనిషికి దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళారు కదా! రాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా, మరకత బుద్ధుడి విగ్రహం పేరుకే మరకతం. అది పచ్చటి వేరే రాయి. ఎత్తు 66 సెంటీమీటర్లే. ఏడాదికి మూడుసార్లు, ఎండాకాలం, వానాకాలం, చలికాలం మొదట్లో రాజుగారు బంగారు వస్త్రాలు మారుస్తారు. గుడి చుట్టూ వసారా గోడల మీద 178 చిత్రాల్లో రామాయణం ఉంది. వాళ్ళ రామాయణాన్ని రామకియెన్ అంటారు. చాలామంది ఫొటోలు దిగే హడావిడిలో దాన్ని దాటిపోతారు. మీరు తీరిగ్గా నడవండి. మన కథే, కానీ మలుపులు వేరు. సీత అందులో రావణుడి కూతురు. వారధి కడుతుంటే రాళ్ళెత్తుకుపోయే చేపకన్య ఒకావిడ ఉంది, సువన్నమచ్ఛ అని. హనుమంతుడు ఆవిడను పట్టుకోబోయి మనసు పారేసుకుంటాడు, వాళ్ళకో కొడుకు కూడా! మన బ్రహ్మచారి హనుమంతుడేనా అని బుగ్గలు నొక్కుకుంటారు. పిల్లలకు చెప్పండి ఫరవాలేదు. వెంట అత్తగారుంటే మాత్రం ఆ బొమ్మ దగ్గర కాస్త త్వరగా నడవండి.