నోయిడాలో జంటమేడలు కూలిన దినము

ఢిల్లీనగరమునకు బోయినవారు కుతుబుమినారును చూచి వచ్చుట పరిపాటి. దాని యెత్తు 73 మీటర్లు. మేము 2022వ సంవత్సరము ఆగష్టు మాసములో మా చెల్లెలి యింటికి బోయి, అంతకంటె నెత్తైన రెండు మేడలు రెప్పపాటులో నేలపాలగుట చూచి వచ్చితిమి.

మా చెల్లెలి కాపురము యమునానదికి తూర్పున, ఉత్తరప్రదేశమునకు జెందిన నోయిడా పట్టణములో, 93ఏ సెక్టారున నున్నది. వారి వసారాలో నిలిచినచో ఎదుట ఆకాశము గానరాదు; కానవచ్చునవి ఆ జంటమేడలే. అందు పెద్దది నూరు మీటర్లకు మించిన యెత్తు గలది. కిటికీలకు తలుపులు లేవు, లోపల దీపము లేదు, మనుష్యసంచారము లేదు.

ఆ మేడల కథ యిది. తొలుత ఇండ్లు కొన్నవారికి ఆ స్థలమున తోట వేయుదుమని నమూనా చూపిరి. పిమ్మట తోటకు మారుగా మేడలు లేచినవి. ప్రక్క కట్టడమునకును వీనికిని నడుమ 16 మీటర్ల యెడముండవలసియుండగా 9 మీటర్లు మాత్రమే విడిచిరి. గాలియు వెలుతురును పోగొట్టుకొన్న గృహస్థులు 2012లో అలహాబాదు ఉన్నతన్యాయస్థానము నాశ్రయించిరి. 2014లో ఆ న్యాయస్థానము మేడలను కూల్చవలసినదని తీర్పు చెప్పెను. 2021 ఆగష్టు 31వ తేదీన సుప్రీముకోర్టు దానిని స్థిరపరచెను.

మా చెల్లెలి కొమారుడు ఆ మొదటి తీర్పు వెలువడిన యేటనే పుట్టినవాడు. కనుక వానికి బుద్ధి తెలిసినది మొదలు ఆ శూన్యసౌధములు ఎదుటనే యున్నవి. రాత్రి నిద్రపట్టువరకు వాని అంతస్తులను క్రిందినుండి పైకి లెక్కించుట వాని యలవాటు.

ఆగష్టు 28, ఆదివారము. ఉదయము 7 గంటలకెల్ల చుట్టుపట్ల నివసించు సుమారు 5,000 మంది ఇండ్లు విడువవలెనని ఉత్తరువు. మా చెల్లెలు తెల్లవారుజామున లేచి ఇంటి కాగితములను, నగలను, రెండేసి జతల బట్టలను సంచులలో సర్దెను. గ్యాసు కట్టివేసితిమి. బయలుదేరబోవునప్పటికి పిల్లవాడు కానరాడయ్యెను. వెదకగా వసారాలో తులసికుండీని కౌగిలించుకొని కూర్చుండియుండెను.

"దొడ్డమ్మా, దీనిని గూడ తీసికొనిపోదము. మన యిల్లు పడిపోయిన తరువాత దీనికి నీళ్లెవరు పోయుదురు?" అని వాడు వెక్కి వెక్కి యేడ్చెను.

మేము నిర్విణ్ణులమైతిమి. సాయంకాలమునకు మరల వత్తుమని పెద్దలకెల్లరకు తెలియును. వానికి మాత్రము ఎవ్వరును చెప్పియుండలేదు! నగలు మూటగట్టిన తల్లిని చూచి వాడు ఇల్లు పోవునని తలచెను. దినముల తరబడి ఇంటిలో జరిగిన మాటలన్నియు విని, వాడొక్కడే ఆ భయమును మోయుచుండెను.

మేము నేలపై కూర్చుండి, వాని ఆటకొయ్యలను గోపురముగా పేర్చితిమి. "నాయనా, ఆ మేడల స్తంభములకు వేలకొలది రంధ్రములు తొలిచి 3,700 కిలోల ప్రేలుడుమందు కూర్చినారు. స్తంభములు విరిగిన వెంటనే పైబరువు తనంతట తానే క్రిందికి దిగును" అని చెప్పి, అడుగుకొయ్యను లాగి చూపితిమి.

"మన స్తంభములకు?"

"మందు పెట్టలేదు. సాయంకాలము మనమే వచ్చి తులసికడ దీపము పెట్టుదము."

వాడు కన్నులు తుడుచుకొని కుండీని విడిచెను. తల్లి దానిని లోపలికి జేర్చి, దుమ్ము సోకకుండ తడిగుడ్డ కప్పెను.

కావలి హద్దునకు వెలుపల, ఎరిగినవారి మేడపైనుండి చూచితిమి. సరిగా 2-30 గంటలకు మేడల నడుములలో పొగలు లేచినవి. పిదప ఉరుమువంటి ధ్వని వినవచ్చెను. సుమారు 9 సెకండ్లలో రెండును జలపాతమువలె జారిపోయినవి. దుమ్ము మబ్బువలె క్రమ్మెను. మిగిలినది సుమారు 80,000 టన్నుల శిథిలరాశి. ప్రక్కనున్న యొక ప్రహరీగోడ కొంత పడినది, కొన్ని యద్దములు పగిలినవి, ప్రాణాపాయము లేదు. జనులు చప్పట్లు చరచిరి. మా చెల్లెలు వెలుతురు వచ్చునని సంతసించెను. పిల్లవాడు మా కొంగు పట్టుకొని, "ఇక రాత్రులు నేనేమి లెక్కపెట్టుదును?" అని మెల్లగా నడిగెను.

పొద్దుగ్రుంకువేళ ఇల్లు చేరితిమి. వాడు మొదట తులసికడకు పరుగెత్తి గుడ్డ తొలగించి చూచెను. ఒక్క రెమ్మయైన వాడలేదు. దీపము పెట్టిన తరువాత మా చేయిపట్టి వసారాలోనికి గొనిపోయెను. దుమ్ము విడిన మేర ఎదుట ఆకాశము గానవచ్చెను. మేమచ్చట నున్న కడమ దినములలో వానికి నక్షత్రములను లెక్కించుట నేర్పితిమి.

తల్లులారా! ఇల్లు మారునపుడును, ప్రయాణమునకు మూటలు కట్టునపుడును, మన మెరిగినది బిడ్డలును ఎరుగుదురని తలపరాదు. "మరల వత్తుము" అను నొక్కమాట ముందుగా వారి చెవిని వేయుట మరువకుడు.