రేగడికి ఒక టైరు, మంచుకు ఒక టైరు

సావనీరుకు ఏదైనా రాసివ్వమని మన కాలేజీ విద్యార్థి సంఘం పిల్లలు ఇంటికి వచ్చి అడిగారు. ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సు చెప్పినదాన్ని కాబట్టి ఏ కాంతి గురించో, కాలం గురించో రాస్తానని వాళ్ళు ఆశపడి ఉంటారు. నేను టైర్ల గురించి రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, అభ్యంతరం లేదు. నా క్లాసులో ఘర్షణ పాఠం విన్న పాత విద్యార్థులు మాత్రం అంతగా ఆశ్చర్యపోరనుకుంటాను. ఆ పాఠంలో జీపు టైరు ప్రస్తావన తేకుండా నేను ఏ ఏడాదీ ఉండలేదు. ఎందుకు తెచ్చేదాన్నో ఎన్నడూ చెప్పలేదు.

పోయిన అక్టోబరులో మా అన్న కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేశాడు. మిషిగన్ రాష్ట్రం ఉత్తరపు కొసన హౌటన్ అనే చిన్న ఊళ్ళో ఉంటాడు. అక్కడి టెక్నలాజికల్ యూనివర్సిటీలోనే చదివి, ఆ దగ్గర్లోనే ఉద్యోగం చూసుకున్నాడు. పక్కనే సుపీరియర్ సరస్సు. చలిగాలి ఆ సరస్సు మీదుగా వస్తూ తేమనంతా పీల్చుకొని, గట్టు ఎక్కగానే మంచుగా దిగపోస్తుంది. ఏడాదికి సగటున 200 అంగుళాలు దాటుతుందట. మే నెల చెన్నూరు ఎండలో గోలీలాడిన పిల్లవాడు అక్కడ ఎట్లా బతుకుతున్నాడో నాకిప్పటికీ అంతు పట్టదు.

వాడు ఒక పాత పికప్ ట్రక్కు కొన్నాడు. టైర్లు అరిగిపోయాయి, చలికాలం లోపల మార్చాలి.

"అత్తమ్మా, ఆల్ టెర్రైన్ టైర్లేసుకుంటే మంచుకూ మట్టికీ ఒకటే సెట్టు సరిపోతదంటున్నడు షాపాయన. మా ఆఫీసుల ఒకతను మంచుకు వేరే టైర్లే కొనాలంటడు. తాతుంటే తాతనే అడుగుదును. తాత లేడు గనుక నిన్నడుగుతున్న" అన్నాడు. తరువాత ఏదో గుర్తొచ్చినట్టు, "డెలివరీ జనవరిల అన్నరు, ఆస్పత్రి ఇరవై మైళ్ళు" అన్నాడు.

"రేపు చెప్త బిడ్డా" అని పెట్టేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా బాపుకు మహీంద్రా జీపు ఉండేది. మా ఊరు చెన్నూరు నుంచి కోటపల్లి వైపు పది పన్నెండు కిలోమీటర్లు. అప్పుడు అదంతా ఆదిలాబాద్ జిల్లా; 2016 నుంచి మంచిర్యాల జిల్లా అయింది. చెన్నూరంటే గోదావరి ఉత్తరముఖంగా పారే చోటని పుణ్యస్నానాలకు వచ్చేవాళ్ళకు తెలుసు. మాకు తెలిసిన చెన్నూరు వేరు. మోకాలి లోతు రేగడి, దాని మీద పత్తి, జొన్న, మధ్యలో ఎడ్లబండ్లు చేసిన బాట. ఎండాకాలం ఆ నేల చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. వాన పడితే అదే నేల నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఆ మట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుందనీ, దాని పొరల మధ్యకు నీళ్ళు చొరబడి పొరలను ఎడం చేస్తాయనీ తరువాత చదువుకున్నాను. చిన్నప్పుడు మాకు తెలిసింది ఒకటే. వానలో రేగట్లో నాలుగడుగులు వేస్తే కాళ్ళకు నాలుగేసి శేర్ల మట్టి.

బాపు ఆ జీపును చెన్నూరు మంచిర్యాల మధ్య ప్యాసింజర్లకు నడిపేవాడు. నలభై కిలోమీటర్ల లోపు తోవ, రోడ్డున్న తోవ. అందుచేత టైర్లు కూడా రోడ్డు టైర్లే. సైజు 6.00-16, ట్యూబు టైర్లు. మీలో లారీలను పరకాయించి చూసినవారుంటే గమనించే ఉంటారు, ఆ రోజుల్లో ముందు చక్రాలకు నిలువు గీతల టైర్లు, వెనక చక్రాలకు అడ్డ గుబ్బల టైర్లు వేసేవారు. గీతల దాన్ని రిబ్ అంటారు. సాఫీగా దొర్లుతుంది, స్టీరింగు మాట వింటుంది, డీజిల్ తక్కువ తాగుతుంది, చాలాకాలం మన్నుతుంది. గుబ్బల దాన్ని లగ్ అంటారు. మెత్తటి నేలను కరిచి పట్టుకుంటుంది. తారు మీదికి వస్తే మాత్రం రొద చేస్తుంది, తొందరగా అరుగుతుంది.

1985 ఎండాకాలంలో జీపు టైర్లు నున్నగైపోయాయి. చెన్నూరులో టైర్ల షాపు చాచా దగ్గరికి బాపు వెంట నేనూ వెళ్ళాను. బియస్సీ సెలవులు.

"పటేలా, వానకాలమొస్తున్నది. ఎనక రెండన్న లగ్గులెయ్యి. మీ ఊరి తొవ్వ నాకెర్కే గద" అన్నాడు చాచా.

బాపు అక్కడే సిగరెట్టు పెట్టె మీద లెక్క వేశాడు. ఏడాదిలో బురదలో నడిచేది ఎన్ని రోజులు? ముప్ఫై, మహా అయితే నలభై. ఆ రోజుల్లో బండిని చెన్నూరులోనే పెట్టి ఊరికి నడిచి పోవచ్చు. మిగిలిన మూడువందల పైచిలుకు రోజులు తారు మీదే. లగ్గులు వేస్తే డీజిల్ ఖర్చు, అరుగుదల, రొదకు ప్యాసింజర్ల సణుగుడు. పాత టైర్లకే రిబ్ పట్టీ రీట్రేడింగ్ చేయిస్తే సగం డబ్బులు మిగులుతాయి. నాకు ఫీజు కట్టాలి. వదినకు తొలిచూలు. రీట్రేడింగ్‌కే ఇచ్చాడు.

ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో చాలా ఏళ్ళు వెతికాను. ఒక్క అంకె తప్పు లేదు.

వదిన పుట్టిల్లు ప్రాణహిత అవతల, సిరోంచ వైపు. మహారాష్ట్ర అయినా మాట మన మాటే, చుట్టరికాలు మనవే. తొలి కాన్పుకు తీసుకుపోతామని వాళ్ళు రావడమూ, ప్రాణహితకు వరద రావడమూ ఒక్కసారే అయింది. నిండు మనిషిని ఆ నీళ్ళలో పడవ ఎక్కించడానికి అవ్వ ఒప్పుకోలేదు. నీళ్ళు తీశాక పంపుదామనుకున్నాం. ఆగస్టులో ఒకరాత్రి, నెల ముందుగానే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చాలాసేపు చూసి, "నాతోని కాదు, చెన్నూరుకు తీస్కపోండ్రి" అంది.

అదృష్టమో దురదృష్టమో జీపు ఆ రాత్రి ఇంటి ముందే ఉంది. వెనక పరుపు వేసి వదినను పడుకోబెట్టాం. తల నా ఒళ్ళో. అన్న కంకర రోడ్డు దాకా బురదలో ముందు నడుస్తానని టార్చి పట్టుకొని దిగాడు. ఊరు దాటి చెరువు కట్ట కిందికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. ఇంజను అరుస్తోంది, నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, బండి కదలదు. టార్చి వెలుగులో చూస్తే టైరు మీద గీతలే లేవు. గాట్లన్నీ రేగడితో పూడి, చక్రం నూనె రాసిన రోలులా నున్నగా ఉంది. గాలి తగ్గించారు. మోదుగ కొమ్మలు విరిచి చక్రాల కింద వేశారు, కొమ్మలు కూడా బురదలోకి పోయాయి. చివరకు బాపు ఎడ్లబండి మోకు తెప్పించి, చక్రాల సందుల్లోంచి దూర్చి టైర్ల చుట్టూ చుట్టాడు. బండి పది గజాలు నడిచింది, మోకు తెగింది. ఆ పది గజాలూ నాకు గుర్తున్నాయి. వదిన నా చెయ్యి పట్టుకొని, "నడుస్తాంది, నడుస్తాంది" అంది.

రెండు జతల ఎడ్లను కట్టి కంకర రోడ్డు మీదికి లాగేసరికి మూడు గంటలు గడిచాయి. తెల్లారగట్ల ఆస్పత్రి చేరాం. మగపిల్లవాడు. ఏడవలేదు. ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని డాక్టరు బాపుతో అన్నాడు. వదిన బతికింది.

ఆ తరువాతి వారం బాపు మంచిర్యాల పోయి నాలుగు కొత్త లగ్ టైర్లు కొనుక్కొచ్చాడు. డబ్బు ఎక్కడిదని ఎవరమూ అడగలేదు. అప్పటినుంచి జీపు అమ్మేదాకా ఆ బండికి లగ్గులే. తారు రోడ్డు మీద అది తుమ్మెదలాగా రొద చేస్తూ వస్తుంటే అర కిలోమీటరు ముందే బాపు వస్తున్నాడని తెలిసేది. టైర్లు త్వరత్వరగా అరిగేవి, ఆదాయం తగ్గింది, ప్యాసింజర్లు నవ్వేవారు. ఆ రాత్రి గురించి గానీ, టైర్ల గురించి గానీ ఆయన మాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. బాపు పోయాక చాచా పరామర్శకు వచ్చి నాతో అన్నాడు: "లగ్గులున్నా ఆ రాత్రి బండి దిగబడుతుండె బిడ్డా. ముసురు పట్టిన రేగడికి ఏ టైరైతేంది? మీ బాపుకు ఎన్నిసార్లు చెప్పిన్నో. ఇనలే."

చాచా మాట నిజమేనా? ఫిజిక్సు చదివినదాన్ని, తూకం వేసి చూశాను. లగ్ టైరుకు గుబ్బల మధ్య సందులు వెడల్పు. చక్రం జోరుగా తిరిగితే ఆ విసురుకు మట్టి ఎగిరిపోయి సందులు ఖాళీ అవుతాయి, గుబ్బలు మళ్ళీ నేలను పట్టుకుంటాయి. మామూలు బురద అయితే అట్లాగే జరుగుతుంది. రేగడి జిగట వేరు. ఒక్కోసారి వదులుతుంది, ఒక్కోసారి వదలదు. ఆ రాత్రి వదిలేదేమో. ఇంతకు మించి నేను తేల్చలేకపోయాను.

1987లో, మాఘమాసంలో, నేల ఎండి ఉండగా, పుట్టింట్లో, వదినకు ఇంకొక కొడుకు పుట్టాడు. ఇప్పుడు ఫోన్ చేసినవాడు వాడే. వాడికి ముందు ఒకడున్నాడని మా ఇంట్లో ఎవరూ వాడికి చెప్పలేదు.

మర్నాడు నేనే ఫోన్ చేశాను. ముందు ప్రశ్నలు అడిగాను. బరువులు మోస్తావా? లేదు. మట్టి బాటలు ఎన్నాళ్ళు? ఎండాకాలంలో చేపలకు, చెట్లలోకి, నెలకు రెండుమూడు సార్లు. మంచు? నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. అప్పుడు నాకు తెలిసింది చెప్పాను.

మట్టికీ మంచుకూ గుణం తలకిందులు. బురద టైరు గాట్లలో నిలవకూడదు. మంచు మాత్రం నిలవాలి. గుప్పెట్లో నొక్కితే మంచు ఉండ కడుతుంది కదా, అట్లాగే గాట్లలో ఇరుక్కున్న మంచు కింద ఉన్న మంచును పట్టుకుంటుంది. అందుకే మంచు టైరు గుబ్బల మీద బ్లేడుతో కోసినట్టు సన్నని చీలికలు ఉంటాయి. ఇంకొకటి, రబ్బరు. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోయేకొద్దీ బిగుసుకుపోతుంది. బిగిసిన రబ్బరు రోడ్డు గరుకులోకి దిగదు, పట్టు ఉండదు. మంచు టైరు రబ్బరును గడ్డకట్టే చలిలో కూడా మెత్తగా ఉండేటట్టు కలుపుతారు. అదే టైరును ఎండాకాలంలో నడిపితే ఇట్టే అరిగిపోతుంది.

"టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ అని ఉంటది, అది చూసి మోసపోకు" అన్నాను. బురద, మంచు అని దాని అర్థం. గాట్ల ఆకారాన్ని బట్టి వేసే ముద్రే గాని, మంచు మీద పరీక్ష చేసి ఇచ్చేది కాదు. మూడు శిఖరాల కొండ, లోపల మంచు పువ్వు, ఆ బొమ్మ ఉంటేనే పరీక్ష జరిగినట్టు. 1999లో అమెరికా రబ్బరు కంపెనీల సంఘం పెట్టిన గుర్తు అది. అణిగిన మంచు మీద ఒక ప్రమాణపు టైరు కంటే కనీసం నూటికి పది వంతులు ఎక్కువగా బండిని లాగాలి. అయితే ఆ పరీక్ష చూసేది లాగడాన్నే. బ్రేకు వేస్తే ఎంతలో ఆగుతుంది, మలుపులో జారుతుందా అన్నది అందులో లేదు. ఆ బొమ్మ ఉన్న ఆల్ టెర్రైన్ టైర్లూ వస్తున్నాయి. ఒకటే సెట్టు కొనగలిగినవాడికి అవి మంచివే, షాపతను అబద్ధం చెప్పలేదు. గడ్డకట్టిన నీటి మీద ఆగాల్సి వచ్చినప్పుడు మాత్రం అసలు మంచు టైరుకు అవి సాటి రావు. పది ప్లై రేటింగున్న బరువు టైర్లూ వద్దన్నాను. బరువు మోయని బండికి అవి బిరుసు, పైగా ఆయిలు దండుగ.

"చలికాలానికి మంచు టైర్లు, నాలుగింటికి నాలుగూ, వేరే డిస్కుల మీద ఎక్కించి పెట్టుకో. ఏప్రిల్‌లో తీసేసి ఆల్ టెర్రైన్ వేసుకో" అన్నాను.

"రెండు సెట్లా? ఖర్చు చూసినవా అత్తమ్మా?"

"ఒకటి తిరిగినన్నాళ్ళు ఇంకోటి అరగదు గదరా. రెండూ రెట్టింపు కాలమొస్తయి."

"అయినా ఒకేసారి అంత... లెక్కేస్తే నాకు నిజంగా గడ్డ మీద బండి తీసే రోజులు పది కూడా ఉండవు. ఆ రోజులు ఇంట్లో కూసుంటే అయిపోతది."

తాత గొంతే. ఆ సిగరెట్టు పెట్టె లెక్కే. నేను కుర్చీలో కూర్చొని, చెరువు కట్ట కింద జీపు ఆగిన సంగతి మొదటి నుంచి చెప్పాను. మోకు తెగిన దాకా చెప్పాను, ఎడ్ల దాకా చెప్పాను, ఆస్పత్రి దాకా చెప్పాను. మధ్యలో వాడు ఒక్కసారి కూడా ఊఁ కొట్టలేదు. లైను తెగిపోయిందేమోనని "ఉన్నవా?" అన్నాను.

"ఉన్న" అన్నాడు. చాలాసేపటి తరువాత, "అమ్మకు తెలుసా నువ్వు నాకు చెప్పినట్టు?" అన్నాడు.

"తెల్వదు."

నవంబరు మూడో వారంలో వాడు ఒక ఫోటో పంపాడు. ఉత్తరం ముక్క లేదు, మాట లేదు. ఇంటి ముందు తెల్లగా మంచు, అందులో ట్రక్కు ముందు చక్రం. అద్దాలు పెట్టుకొని, ఫోటో పెద్దది చేసి చూశాను. టైరు పక్కన మూడు శిఖరాల బొమ్మ ఉంది. గాట్ల నిండా మంచు కూరుకొని ఉంది.