గంజి కరువులో పుట్టినవాడు

అబ్బా ఎప్పుడు పుట్టినాడంటే మా దాదీ తారీఖు చెప్పేది కాదు. ‘గంజి కేంద్రాలు పెట్టిన కరువులో’ అనేది. అంటే 1952. మా అనంతపురం పల్లెల్లో వయసులకు కరువులే లెక్క. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో.

2019 ఆగస్టులో అస్సాం జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేకుండా పోయాయి. డిసెంబరులో పౌరసత్వ చట్టం మార్చారు. మూడు పొరుగు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్లకు తలుపు తీశారు. మా మతం పేరు అందులో లేదు. జనాభా రిజిస్టరులో అమ్మానాన్నలు పుట్టిన తేదీ, ఊరు కూడా అడుగుతారన్నారు.

ఇంట్లో ట్రంకుపెట్టె దించాం. రేషన్ కార్డులో అబ్బా ‘షేక్’. ఓటరు కార్డులో ‘షేఖ్’. పాసుపుస్తకంలో ‘సాహెబ్’. ఉర్దూ పేరును ఏ గుమాస్తా చెవికి ఎట్లా వినబడితే అట్లా రాసుకున్నాడు. ముగ్గురూ ఒకే మనిషని రుజువు చేయడానికి మళ్లీ ఇంకో కాగితం కావాల.

గూగూడు కుళ్లాయిస్వామి పీరు ముందర హిందువులూ మేమూ కలిసే మొక్కుతాం. కుళ్లాయప్పలు రెండు మతాల ఇళ్లలోనూ ఉన్నారు. కాగితం లేని ముసలోళ్లూ రెండిళ్లలోనూ ఉన్నారు. భయం మాత్రం ఒక్క ఇంట్లోనే ఉంది.

ఆ కరువును సర్కారు రాసిపెట్టుకుంది. ఆ కరువులో పుట్టినవాణ్ణి మాత్రం రాసుకోలేదు.