ఇంటి ఫోటోలు ఒక్కరి ఫోన్లో ఉంటే అవి ఇంటివి కావు



ఈమధ్య మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళు ఎవరన్నా పోతే గమనించండి. దినం నాటికి ఫోటో కట్టించాలంటే ఇల్లంతా వెతుకులాటే. చివరికి ఆధార్ కార్డు మీది ఫోటోనో, ఏదో పెళ్లి గుంపులోంచి కత్తిరించిన మొహాన్నో పెద్దది చేయించి దండ వేస్తున్నారు. ఫోటోలు లేక కాదు. మనవడి ఫోన్లో వందలున్నాయి, అల్లుడి ఫోన్లో ఉన్నాయి, పాడై బీరువాలో పడున్న ఫోన్లో ఇంకా ఉన్నాయి. ఇంట్లో మాత్రం లేవు.

వెనకటికి ట్రంకు పెట్టెలో ఒక ఆల్బమ్ ఉండేది. అందులో ముప్పై ఫోటోలే అయినా ఇంటిల్లిపాదీ చూసేవాళ్ళు. ఇప్పుడు వేలకి వేలున్నా, ఫోన్ లాకు తెలిసినోడికే కనపడతాయి.

"గూగుల్లో ఉన్నాయిగా" అంటారు కొందరు. గూగుల్ ఫోటోస్‌లో ఎన్నైనా ఉచితంగా దాచుకునే వెసులుబాటు 2021 జూన్ 1తో పోయింది. మెయిలూ డ్రైవూ అన్నీ కలిపి ఇప్పుడు 15 జీబీ. అది నిండితే డబ్బు కట్టాలి. పైగా ఆ ఖాతా ఒకరి పేరు మీదే ఉంటుంది, పాస్‌వర్డ్ వాళ్ళకే తెలుసు. వాట్సాప్ సంగతంటారా, మామూలుగా పంపితే ఫోటోని కుదించి పంపుతుంది. ఎప్పుడు తీశారో, ఎక్కడ తీశారో ఆ వివరం కూడా పోతుంది. పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి, అసలు ఫోటో అలాగే వెళ్తుంది.

దీనికి మందు మన ఇంట్లోనే ఉంది. గోడకి తగిలించిన వైఫై పెట్టె. అది బయటి నెట్ తేవడానికే కాదు, ఇంట్లో ఫోన్లనీ, టీవీనీ, కంప్యూటర్నీ ఒకదానితో ఒకటి కలుపుతుంది. బయట వైరు తెగి నెట్ రాకపోయినా, పెట్టెకి కరెంటుంటే ఇంట్లో ఈ పని జరుగుతుంది.

మా ఇంట్లో పిల్లలు చదువుకున్న పాత లాప్‌టాప్ ఒకటుంది. దానికి 1 టీబీ హార్డ్ డిస్క్ తగిలించాం. ఫోటోకి 4 ఎంబీ వేసుకున్నా రెండు లక్షల పైన పడతాయి. అందులో "ఫోటోలు" అని ఒక ఫోల్డర్ చేసి, ప్రాపర్టీస్‌లో షేరింగ్ అనేచోట నొక్కి ఇంట్లో అందరికీ తెరిచాం. ఫోన్లో నెట్‌వర్క్ చూపించే ఫైల్ యాప్ ఉంటే అందులోంచి ఫోటోలు పంపొచ్చు, చూడొచ్చు. వీడియోలైతే వీఎల్‌సీలో ఆడతాయి. లాప్‌టాప్ లేనివాళ్ళు వైఫై పెట్టె వెనక యూఎస్‌బీ రంధ్రం ఉందేమో చూడండి. కొన్ని పెట్టెలకి నేరుగా అక్కడే డిస్క్ పెట్టుకోవచ్చు.

ఫోల్డర్ పేరులో ముందు సంవత్సరం రాయండి. "2019 పెద్దమ్మాయి పెళ్లి", "2022 కొత్త ట్రాక్టర్" అని. వరసలో వాటంతటవే సర్దుకుంటాయి. పట్నంలో ఉండే పిల్లలు సంక్రాంతికి వచ్చినప్పుడు, భోజనాలయ్యాక ఫోన్లన్నీ తీసుకుని ఏడాది ఫోటోలు ఎక్కించేయండి.

రెండు జాగ్రత్తలు. ఒకటి, చూడటానికి అందరికీ ఇవ్వండి, మార్చడానికీ చెరపడానికీ ఇద్దరికే ఇవ్వండి. లేకపోతే చంటోడు ఫోన్ నొక్కితే అందరి ఫోటోలూ పోతాయి. వైఫై పాస్‌వర్డ్ వచ్చిపోయేవాళ్ళందరికీ చెప్పకండి. రెండు, డిస్క్ ఒక్కటే ఉంటే దాచినట్టు కాదు. విత్తనమంతా ఒకే చోట దాచం కదా. ఆర్నెల్లకోసారి ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, అది అన్న ఇంట్లోనో కూతురింట్లోనో పెట్టండి. దొంగలు పడ్డా, వాన కురిసి ఇల్లు తడిసినా రెండోది నిలుస్తుంది.

పాత అట్ట ఫోటోలున్నాయి చూశారూ, వాటిని అద్దం తీసి, ఫ్లాష్ లేకుండా, పగటిపూట నీడలో పెట్టి ఫోన్తో తీయండి. మేం అలా తీసి టీవీలో పెడితే, మా అమ్మ తన సెల్‌ఫోన్ కూడా సరిగ్గా నొక్కలేనిది, రెండు గంటలు కదల్లేదు. "సాగర్ నీళ్ళొచ్చిన మొదటి ఏడు వడ్లమ్మి తీయించుకున్నాంరా ఇది. ఈ పక్కనున్నది మా చిన్నత్త, పురుట్లో పోయింది" అంది. ఆ చిన్నత్త ఒకావిడ ఉండేదని మాకెవరికీ తెలియదు. పేరడిగి, ఫోటో పేరు మార్చి, ఆవిడ పేరే రాశాం.

అందుకని చెప్తున్నా. డిస్క్ పత్తి డబ్బులొచ్చాక కొనొచ్చు, పిల్లలొచ్చాక పెట్టించొచ్చు. మీ ఇంట్లో ఎనభై దాటినవాళ్ళుంటే మాత్రం, ఈ వారంలోనే ఆ పాత ఫోటోలు ముందేసుకుని పేర్లు రాసుకోండి. ఆ పేర్లు ఏ గూగుల్లోనూ దొరకవు.