కొత్త చెప్పు కరుస్తుంది, కొత్త షూ కరవదు



మొన్న ఆదివారం మా బండి వెనక బ్రేకు నాకు బుద్ధి చెప్పింది. అది చల్లారకముందే మీకు చెప్పేయాలి.

నా బండి 1999 నాటి స్ప్లెండర్. 2011లో కంపెనీ పేరు మారింది గానీ నా ట్యాంకుకు ఆ కబురు ఇంకా అందలేదు, దాని మీద రెండు పేర్లూ జంటగానే ఉన్నాయి. వెనక బ్రేకు ప్లేటు మీద చిన్న బాణం గుర్తు ఒకటి ఉంటుంది, చూశారా? పెడల్ తొక్కితే లోపలి క్యామ్‌తో పాటు ఆ బాణమూ తిరుగుతుంది. పూర్తిగా తొక్కినప్పుడు అది ప్లేటు మీది గుర్తును చేరిందంటే లోపలి బ్రేకు షూలు అరిగిపోయినట్టే. నాది చేరింది. విప్పి చూస్తే షూల మీది లైనింగ్ రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. అదే దాని హద్దు, అంతకంటే తగ్గాక ఉంచకూడదు. కొత్త జత తెచ్చాను. అరగంట పనే కదా అని లుంగీ ఎగ్గట్టి కూర్చున్నాను.

డ్రమ్ తెరవగానే నల్లటి పొడి కనిపిస్తుంది. దాన్ని నోటితో ఊదకండి, గాలి గొట్టంతో కొట్టించకండి. పాతకాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ కలిపేవారు. ఎప్పుడో ఎవరో వేసిన షూలో ఏముందో పైకి చూసి చెప్పలేం. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయండి. ఈ ఒక్క పనీ నేను సరిగ్గానే చేశాను.

బిగించి వీధి చివరిదాకా వెళ్లి బ్రేకు తొక్కాను. పెడల్ గట్టిగానే ఉంది, బండి మాత్రం జారుకుంటూ పోయింది. పైగా కీచుమని ఒకటే మోత, అరుగుల మీద కూర్చున్నవాళ్లంతా తలెత్తి చూశారు. అరిగిపోయిన పాత షూలే నయం అనిపించింది. షాపువాడు నకిలీ సరుకు అంటగట్టాడని తిట్టుకుంటూ బండిని మా వీధి మేస్త్రి దగ్గరికి నడిపించుకెళ్లాను.

నేను చెప్పేది ఆయన వినలేదు. ముందు వంగి వెనక చక్రం పక్కన వేలు పెట్టి తడిమాడు. బ్రేకు ప్లేటును స్వింగ్ ఆర్మ్‌కు కట్టి ఉంచే ఇనప పట్టీ ఉంటుంది కదా, దాని బోల్టుకు స్ప్లిట్ పిన్ను ఉందో లేదో చూశాడు. ఉంది. అప్పుడు స్టూలు లాక్కుని కూర్చుని, "ఇప్పుడు చెప్పండి మాస్టారూ" అన్నాడు.

ఆయన అదే ముందు ఎందుకు చూశాడో ఇంటికొచ్చాక గానీ తట్టలేదు. ఆ పట్టీ ఊడితే బ్రేకు తొక్కిన మరుక్షణం ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోతుంది, బ్రేకు రాడ్డు మెలిపడుతుంది, చక్రం బిగుసుకుంటుంది. మిగతా తప్పులన్నీ బండిని ఆగనివ్వవు. ఇది మాత్రం మనిషిని కింద పడేస్తుంది.

తర్వాత చక్రం విప్పించాడు. కొత్త షూను వెలుతురుకు పట్టి చూపించాడు. లైనింగ్ నడుమ రెండు వేళ్ల వెడల్పున మాత్రం మెరుస్తోంది. రెండు కొసలూ పెట్టెలోంచి తీసినంత గరుగ్గా, బూడిదరంగులో ఉన్నాయి. డ్రమ్ ఇన్నేళ్లుగా అరిగి లోపల కాస్త పెద్దదైంది. కొత్త షూ వంపేమో కొత్త డ్రమ్ కొలతకు చేసింది. అందుకే నడుమ ఒక్కచోటే ఆనుతోంది. "కొత్త చెప్పు కాలిని కరుస్తుంది మాస్టారూ, కొత్త షూ డ్రమ్మును కరవదు. రెండూ అలవాటు పడాల్సిందే" అన్నాడు.

అలవాటు చేయడానికీ పద్ధతి ఉంది. లైనింగ్ మీద సుద్దముక్క రుద్ది, బిగించి, బ్రేకు కొద్దిగా ఆనిస్తూ చక్రాన్ని చేత్తో తిప్పాలి. విప్పి చూస్తే సుద్ద చెరిగిన చోటే ఎత్తుగా ఉందన్నమాట. అక్కడ గరుకు కాగితంతో పైపైన రుద్దాలి. మరీ అరిగిన డ్రమ్ముకు ఈ వైద్యం పనిచేయదు. దాని గరిష్ఠ కొలత హబ్బు మీదే పోతపోసి ఉంటుంది. 110 మిల్లీమీటర్ల డ్రమ్మయితే 111 దాకా సరే, అది దాటితే షూలు ఎన్ని మార్చినా డబ్బు దండగే.

ఇక నా చేతి తప్పులు. మొదటిది, ఇరుసు నట్టు ఊరికే బిగించేశాను. ప్లేటు ఇరుసు మీద కాస్త వదులుగానే కూర్చుంటుంది. పెడల్ తొక్కిపట్టి ఉంచితే రెండు షూలూ చెరోవైపు నెట్టి ప్లేటును సరిగ్గా నడుమకు తెస్తాయి. అలా తొక్కి ఉంచే నట్టు బిగించాలి. రెండోది, క్యామ్ లివర్. పాత షూలు అరిగే కొద్దీ ఎవరో దాన్ని ఒక పన్ను పక్కకు జరిపి మరికొన్నాళ్లు లాగించారు. కొత్త షూలకూ నేను అలాగే ఉంచేశాను. లివర్ మీదా క్యామ్ కొస మీదా ఉన్న చుక్కలు ఎదురెదురుగా రావాలి. గట్టిగా తొక్కినప్పుడు రాడ్డూ లివరూ ఇంచుమించు మూలమట్టంలా నిలవాలి. అప్పుడే కాలి బలం లోపలికి చేరుతుంది.

మూడోది అసలు బ్రేకు తప్పే కాదు. పనిలో పనిగా చైను బిగించాను. చైను బిగిస్తే చక్రం వెనక్కి జరుగుతుంది. బ్రేకు రాడ్డు పొడవు పెరగదు కాబట్టి లివర్ ముందుకు లాగినట్టవుతుంది. మనం తొక్కకుండానే బ్రేకు ఒరుసుకుంటుంది. అందుకే ఏ రోజు చైను ముట్టుకుంటే ఆ రోజే రాడ్డు నట్టు కూడా చూసుకోవాలి. పెడల్ కొస 20 నుంచి 30 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఒక అంగుళం, ఊరికే కదలాలి. మూడు కిలోమీటర్లు తిరిగొచ్చి హబ్బు దగ్గర అరచెయ్యి ఉంచి చూడండి. వేడి కొడుతుంటే ఇంకా ఒరుసుకుంటోందన్నమాట.

క్యామ్‌కు గ్రీజు విషయంలో మాత్రం పిసినారితనం మంచిది. చూపుడువేలి కొసకు అంటినంత చాలు. లైనింగ్‌కు గ్రీజు అంటితే పెట్రోలుతో కడిగి, మంట చూపించి మళ్లీ వేసేవాళ్లు ఉన్నారు. లోపలికి ఇంకినది వేడెక్కాక మళ్లీ పైకొస్తుంది. అలాంటి షూ పారేయడమే.

మీలో చాలామందికి ఇంకో అలవాటుంది. తిరుమల కొండకు బయల్దేరే ముందురోజు సాయంత్రం షూలు మార్పిస్తారు. జాగ్రత్తే, కాదనను. కానీ 1944 నాటి తిరుమల పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే. దారి పొడవునా వంపులే. డ్రమ్ముతో ఇంకా కలవని కొత్త షూలతో అక్కడ కాలు నొక్కిపెట్టి దిగితే డ్రమ్ వేడెక్కి, సాగి, ఉన్న పట్టు కూడా సడలుతుంది. పది రోజుల ముందే మార్పించి ఊళ్లో తిరగండి. దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి. ముందు బ్రేకు కూడా వాడండి. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే చిన్న బళ్లలో కాలు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. మన పాత బళ్లకు ఆ సౌకర్యం లేదు, ఆ పని మన కుడిచెయ్యే చేయాలి.

మేస్త్రి అన్నీ సరిచేయించాడు. చేయించాడు అంటున్నాను, ఎందుకంటే పానా ఒక్కసారి కూడా తన చేతిలోకి తీసుకోలేదు, పనంతా నాతోనే చేయించాడు. వారం తిరిగేసరికి బ్రేకు నున్నగా పడుతోంది. షూ అదే, షాపువాడు అమ్మిందే. తిట్టుకున్నందుకు మొన్న వెళ్లి అక్కడే ఒక కేబుల్ కొన్నాను, అవసరం లేకపోయినా.

ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకునే ముందు ఒక్క పని చేయండి. మీ బండి వెనక చక్రం పక్కన కూర్చుని, ఆ ఇనప పట్టీ బోల్టు దగ్గర వేలు పెట్టి చూడండి. పిన్ను తగిలితే సరే. తగలకపోతే ఈరోజు బండి తీయకండి.

ఇట్లు
మీ మాస్టారు