ఓడలో కుట్టిన బొంత

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో బర్లీ గ్రిఫిన్ అనే పెద్ద చెరువు ఒడ్డున జాతీయ కళా ప్రదర్శనశాల ఉన్నది. 1982లో తెరచిన ఈ భవనంలో పేరు పొందిన చిత్రాలు ఎన్నో ఉన్నాయి. మేము సిడ్నీ నుండి మూడున్నర గంటలు బస్సులో కూర్చుని వెళ్లింది మాత్రం ఆ చిత్రాల కోసం కాదు, ఒక బొంతను చూడడానికి. బొంత కోసం ఇంత దూరమా అని మా వెంట వచ్చిన పిల్లలు నవ్వారు.

దానిని రాజా బొంత అంటారు. రాజా అన్నది మనిషి పేరు కాదు, ఓడ పేరు. 1841 ఏప్రిల్ 5న ఆ ఓడ 180 మంది ఖైదీ స్త్రీలతో ఇంగ్లండులోని వుల్విచ్ రేవు విడిచి, 105 రోజులు ప్రయాణించి, జూలై 19న హోబార్టు చేరింది. ఆ దీవిని అప్పుడు వాన్ డీమన్స్ లాండ్ అనేవారు. 1856 నుండి టాస్మానియా అంటున్నారు. ఆ రోజుల్లో అలా పంపబడిన స్త్రీలలో ఎక్కువమంది చిన్న చిన్న దొంగతనాలకు శిక్షపడినవారే. శిక్షాకాలం తీరిన తరువాత ఇంటికి తిరిగి వెళ్లడానికి ప్రభుత్వం ఓడ ఖర్చు ఇచ్చేది కాదు. కాబట్టి చాలామందికి అది వెళ్లడమే గాని తిరిగి రావడం లేని ప్రయాణం.

బొంతను ఉంచిన గదిలో దీపాలు బాగా తగ్గించారు. కళ్లు అలవాటు పడడానికి కొంతసేపు పట్టింది. ఒక్కొక్క ప్రక్క దాదాపు 11 అడుగులు. మధ్యలో తెల్లని నూలు గుడ్డ. దాని మీద రంగురంగుల చీటిగుడ్డల నుండి పక్షులను, పువ్వులను ఆకారం చెడకుండా కత్తిరించి అతికి కుట్టారు. దాని చుట్టూ గుడ్డముక్కల వరుసలు, ఒక దాని తరువాత ఒకటి, 12 ఉన్నాయి. మొత్తం 2,815 ముక్కలట! కుట్టు మిషన్లు ఇండ్లలోనికి రాని కాలం, అంతా చేతికుట్టే. మన బొంతలవలె లోపల పాత చీరల పొరలు లేవు, అడుగున అస్తరు కూడా లేదు. అందువలన దుప్పటి అన్నా సరిపోతుంది. కాని అతుకులు చూస్తే మాకు బొంత అనే అనాలనిపించింది.

ఆ గుడ్డలు ఖైదీలకు ఎక్కడివి? ఎలిజబెత్ ఫ్రై అనే క్వేకరు తల్లి 1813లో లండనులోని న్యూగేట్ చెరసాలకు మొదటిసారి వెళ్లి, స్త్రీలూ పసిబిడ్డలూ ఒకే గదిలో క్రిక్కిరిసి ఉండడం చూచింది. తరువాత ఆమె, ఆమెతోటి స్త్రీలు ఒక సంఘంగా ఏర్పడి, ఓడ ఎక్కే ఖైదీలకు తలా ఒక సంచి ఇస్తూ వచ్చారు. అందులో బైబిలు, కత్తెర, 100 సూదులు, దారాలు, వేలికి పెట్టుకునే తొడుగు, రెండు పౌన్ల గుడ్డముక్కలు ఉండేవి. ఊరకే కూర్చోకుండా ఉండడానికి, పని నేర్చుకోవడానికి, కుట్టినది అమ్ముకుంటే దిగినచోట చేతిలో నాలుగు డబ్బులు ఉండడానికి ఈ ఏర్పాటు. ఉపదేశంతోపాటు సూదులు కూడా లెక్కపెట్టి ఇచ్చిన ఆ బుద్ధి మాకు ఎంతో నచ్చింది.

రాజా ఓడలో ఈ స్త్రీలకు తోడుగా వెళ్లినది కెజియా హేటర్ అనే యువతి. యోబు రెండవ కుమార్తె పేరే ఆమెది. కుట్టుపని ఆమె పర్యవేక్షణలోనే జరిగిందని చరిత్ర చదివినవారు తలుస్తారు. (ఓడ కెప్టెనుకూ ఆమెకూ దారిలోనే పెళ్లి కుదిరింది. ఈ మాట విని మా పిల్లలకు కొంచెం ఆసక్తి కలిగింది.)

మేము ఎక్కువసేపు నిలిచినది కుట్ల దగ్గర. కొన్నిచోట్ల కుట్టు ఆవగింజల వరుసవలె సన్నగా, సమంగా ఉన్నది. ఆ ప్రక్కనే ఇంకొకచోట పెద్దపెద్ద కుట్లు అటూ ఇటూ పోయాయి. అంతకుముందు సూది పట్టనివారు కూడా అందులో ఉన్నారన్నమాట. అక్కడక్కడ చిన్న రక్తపు మరకలు కూడా ఉన్నాయని, అవి వ్రేళ్లకు సూది గుచ్చుకున్నవి కావచ్చునని చెబుతారు. వంకర కుట్టును విప్పి మంచి చేయిగలవారిచేత మరల కుట్టించవచ్చును గదా. అలా చేయలేదు.

క్రింది అంచున పట్టుదారంతో అక్షరాలు కుట్టారు. తమ క్షేమం కొరకు శ్రమపడిన అమ్మగార్లకు కృతజ్ఞతగా, శ్రద్ధగా పని చేయమన్న వారి మాట మరువలేదనుటకు గుర్తుగా దీనిని ఇస్తున్నామని దాని భావం. చివర 1841 జూన్ అని ఉన్నది. కుట్టిన స్త్రీలలో ఒక్కరి పేరైనా లేదు. ఆ మాటలు వారే కూర్చుకున్నారో, పెద్దలు చెప్పి వ్రాయించారో గాని, మాకు మాత్రం ఆ అక్షరాలకంటె వంకర కుట్లే ఎక్కువ మాట్లాడినట్లు తోచింది.

చీటిగుడ్డ సంగతి కూడా చెప్పాలి. పదిహేడవ శతాబ్దంలో మన మచిలీపట్నం వంటి రేవులనుండి అద్దకపు గుడ్డలు ఓడలకొద్దీ ఇంగ్లండుకు వెళ్లేవి. అక్కడివారు వాటిమీద ఎంత మోజు పడ్డారంటే, తమ నేతగాండ్రు చెడిపోతారని పార్లమెంటు 1721లో అద్దకపు నూలు గుడ్డలు కట్టడాన్నే నిషేధించింది. 1774లో ఆ నిషేధం ఎత్తివేశాక ఇంగ్లండులోనే అచ్చువేయడం విస్తరించింది. బొంత మధ్యనున్న పువ్వులు, పక్షులు ఆ వంశానివే. వాటిని చూస్తే మన పెడన అద్దకపు దుప్పట్లు జ్ఞాపకం వచ్చాయి.

ఈ బొంత ఏండ్లకొద్దీ ఎవరి కంటా పడలేదు. చివరకు స్కాట్లండులో ఒక ఇంటి అటకమీద దొరికి, 1989లో కాన్‌బెర్రాకు చేరింది. వెలుతురు తగిలితే రంగులు వెలిసిపోతాయి గనుక ఎప్పుడూ బయట ఉంచరు, అప్పుడప్పుడు మాత్రమే కొద్దికాలం తీసి చూపుతారు. ఆ దేశంలో బంధువులున్నవారు చూడగోరితే, ప్రదర్శనశాలవారిని ముందుగా విచారించుకొని వెళ్లడం మంచిది. వెళ్లినప్పుడు మధ్యనున్న పక్షులను చూచి వచ్చేయకుండా, మూడు ప్రక్కల అంచున కుట్టిన చేమంతివంటి చిన్న పువ్వులను కూడా నిదానంగా చూడండి.